మెడికల్ సీటు ధర, ఆస్పత్రి బిల్లు: రెండూ ఒకే పద్దులోవి కాదా?

బందరు_మేష్టారు (మచిలీపట్నం):

అందరికీ నమస్కారం. ముప్పయ్యేళ్లకు పైగా పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ని. నా దగ్గర చదువుకున్నవాళ్లలో డాక్టర్లయిన పిల్లలున్నారు. వాళ్ల పేర్లు చెప్పుకుని మురిసిపోయేవాణ్ని. ఇప్పుడు డాక్టరు సీటు అన్న మాట వింటేనే గుండె బరువెక్కుతోంది.

ఈమధ్య మా బావమరిదికి గుండెనొప్పి వస్తే విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించాం. ప్రాణం నిలబెట్టారు. ఆ డాక్టరుకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాను, ఇప్పటికీ పెడతాను. బిల్లు చేతికొచ్చాక మాత్రం మాట పడిపోయింది. గుండె రక్తనాళంలో పెట్టే స్టెంటు ధర సక్రమంగానే ఉంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటుకు మొదట 29,600 రూపాయలని గరిష్ఠ ధర కట్టింది కాబట్టి దాని జోలికి పోలేరు. చుట్టూ ఉన్న సామాను సంగతి అలా కాదు. బెలూన్లు, వైర్లు, కాథెటర్లు, సిరంజీలు, గొట్టాలు, గ్లౌజులు, పేరు కూడా తెలియని ప్లాస్టిక్ ముక్కలు పేజీల కొద్దీ ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తే స్టెంటు ఖరీదుకు ఎన్నో రెట్లు.

అదే వారంలో మా మేనకోడలి కొడుకు విషయమై ఒక ఏజెంటు ఫోన్ చేశాడు. కుర్రాడికి నీట్‌లో తక్కువ ఫీజు కన్వీనర్ సీటొచ్చే ర్యాంకు రాలేదు. 'సి కేటగిరీ, అంటే ఎన్నారై కోటా చూపిస్తానండీ, కోర్సు మొత్తానికి కోటిన్నర. కొంత డీడీ, కొంత చేతికి' అన్నాడు. పొలం ఉందా, ఎంత ఉంది, కాలవ కిందేనా అని కూడా అడిగాడు.

నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఒక్కటే. ఆ కోటిన్నర పెట్టి చదివిన కుర్రాడు రేపు ఎవరి దగ్గర రాబట్టుకోవాలి? మా బావమరిది లాంటివాళ్ల దగ్గరే కదా. ఈ రెంటినీ విడదీసి మాట్లాడుకుంటున్నంత కాలం మనకు అసలు సంగతి బోధపడదని నా నమ్మకం. మీ అనుభవాలు చెప్పండి.

పాలమూరు_బిడ్డ (నాగర్‌కర్నూల్):

మేష్టారూ, మీరు పెద్దాస్పత్రి ముచ్చట చెప్పిండ్రు. నేను ఊరి ముచ్చట చెప్త.

మా అమ్మకు నలభై నిండకముందే గర్భసంచి తీసేసిండ్రు. కడుపునొప్పి అని ఊళ్లె ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే, ఆయనే ఆటోల కూసోబెట్టుకొని టౌన్ల నర్సింగ్ హోముకు తీస్కపోయిండు. 'తీయకపోతే క్యాన్సర్ అయితది' అన్నరంట. ఆ మాట ఇంటే ఎవరు ఆగుతరు? మా వాడకట్టుల అదే ఆస్పత్రిల అదే ఆపరేషన్ అయినోళ్లు ఇంకెంతమందో ఉన్నరు. పేషెంటును తెచ్చినందుకు ఆర్‌ఎంపీకి కమీషన్ ముడుతదని నాకు పెద్దగయినంక తెలిసింది. అమ్మకు నడుమునొప్పి, వేడి ఆవిర్లు, ఎముకల అరుగుదల అన్నీ అప్పటి నుంచే.

ఇది మా ఒక్క ఊరి బాధ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడుండ్రి. 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల గర్భసంచి తీసేసినోళ్లు దేశం మొత్తం మీద 3 శాతం అయితే, ఆంధ్ర, తెలంగాణల్ల 8 శాతం పైన. కాన్పులు చూడుండ్రి. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు దవాఖానల్ల నూటికి 81 పైన సిజేరియన్లే. మా అమ్మమ్మకు ఏడుగురు పిల్లలు, అందరు ఇంట్లనే పుట్టిండ్రు. ఆ కాలమే మంచిదని నేను అంటలే, అప్పుడు చచ్చిపోయినోళ్లు కూడ ఉన్నరు. కానీ నూట్ల ఎనభై మందికి కోత తప్పదా? ఏ డాక్టరైనా గుండె మీద చెయ్యేసుకొని చెప్పాలె.

డా_మన్యం (పార్వతీపురం):

నేను డాక్టర్నే, ప్రభుత్వాస్పత్రిలో పనిచేస్తున్నాను. గుండె మీద చెయ్యేసుకునే చెప్తున్నాను తమ్ముడూ, తప్పదు అనేది అబద్ధం. మామూలు కాన్పుకు రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. కోతకు ముహూర్తం ముందే పెట్టుకోవచ్చు, గంటలో పని తేలిపోతుంది, బిల్లూ పెద్దది. ముహూర్తం అడిగి మరీ కోయించుకునే కుటుంబాలూ ఉన్నాయి. అయినా కత్తి పట్టుకున్నది మేము కాబట్టి బాధ్యత మాదే.

మేష్టారి ప్రశ్నకు లెక్క చెప్తాను. కోటిన్నర అప్పుకు నూటికి పది వడ్డీ వేసుకుంటే ఏడాదికి 15 లక్షలు. అంటే నెలకు లక్షా పాతిక వేలు వడ్డీకే పోవాలి. ఎంబీబీఎస్ అయి ప్రైవేటు ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరితే జీతం అందులో సగం కూడా రాదు. కాబట్టి పీజీ చెయ్యాలి. మేనేజ్‌మెంట్ కోటాలో రేడియాలజీ, డెర్మటాలజీ లాంటి సీట్లు మళ్లీ కోట్ల మాటే. పీజీ చేతికొచ్చేసరికి ముప్పై దాటుతుంది, పెళ్లి, పిల్లలు, తాకట్టులో అమ్మానాన్నల ఇల్లు. అప్పుడు కార్పొరేట్ ఆస్పత్రిలో చేరితే నెలాఖరు మీటింగులో ఒకే మాట: కన్వర్షన్ ఎంత? ఓపీకి వచ్చినవాళ్లలో ఎంతమందిని అడ్మిట్ చేశావు, ఎన్ని స్కానింగులు రాశావు అని. నా బ్యాచ్‌మేట్ ఒకమ్మాయి అనవసరమైన స్కానింగు రాయనన్నందుకు కాంట్రాక్టు పొడిగించలేదు. మా బ్యాచ్‌లో చాలా నిక్కచ్చి మనిషి, బంగారంలాంటి చెయ్యి. ఇప్పుడు టీచింగ్‌లో చేరి ఊపిరి పీల్చుకుంటోంది.

నాది కన్వీనర్ సీటు, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ. నామమాత్రపు ఫీజు. ఆ కాలేజీ ఆస్పత్రి కేజీహెచ్‌లో పేషెంట్లే నాకు చదువు చెప్పారు. ఈ మన్యంలో నిలబడగలుగుతున్నానంటే నా గొప్పతనం ఏమీ లేదు. నెత్తి మీద అప్పు లేదు, అంతే.

బిల్లింగ్_కౌంటర్ (కొత్త సభ్యురాలు):

ఈ చర్చ చదివి ఖాతా తెరిచాను. హైదరాబాద్‌లో రెండు ఆస్పత్రుల్లో బిల్లింగ్‌లో పనిచేశాను, ఇప్పుడు మానేశాను. పేర్లు రాయను.

మేష్టారు గారూ, పేరు తెలియని ప్లాస్టిక్ ముక్కలన్నారు కదా. వాటిలో ఒకటి త్రీ వే స్టాప్‌కాక్. సెలైన్ గొట్టానికి మధ్యలో తిప్పే చిన్న కుళాయి లాంటిది, బొటనవేలంత ఉంటుంది. 2017లో గురుగ్రామ్‌లో డెంగీతో ఏడేళ్ల పాప చనిపోయి, దాదాపు 16 లక్షల బిల్లు వేసిన గొడవ గుర్తుందా? ఆ తర్వాత ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు తవ్వి 2018లో నివేదిక ఇచ్చింది. ఈ స్టాప్‌కాక్‌ను ఒక ఆస్పత్రి 5 రూపాయల 77 పైసలకు కొని 106 రూపాయలకు వేసింది. లాభం 1,700 శాతం పైన. చట్టప్రకారం ఇది నేరం కాదు, దాని మీద ముద్రించిన ఎమ్మార్పీకే అమ్మారు. పెద్ద మొత్తంలో కొనే ఆస్పత్రుల కోసం కంపెనీలే ఎమ్మార్పీ ఎక్కువ ముద్రిస్తున్నాయని ఆ నివేదికే చెప్పింది. స్టోర్స్‌కు వచ్చే ఇన్‌వాయిసూ, పేషెంటుకు వేసే ధరా రెండూ స్క్రీన్ మీద చూసినదాన్ని. ఆ నివేదిక చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఇంకొకటి జనానికి తెలియనిది: రూమును బట్టి ధర. అదే డాక్టరు, అదే థియేటరు, అదే ఆపరేషను. జనరల్ వార్డులో ఉంటే ఒక రేటు, సింగిల్ రూమైతే ఒక రేటు, డీలక్స్‌కు ఇంకో రేటు. డాక్టరు వచ్చి 'ఎలా ఉంది' అని అడిగి వెళ్లే విజిటుకూ అంతే. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు దీనివల్లే దెబ్బతింటారు. పాలసీలో గది అద్దె పరిమితి 5,000 అనుకోండి, మీరు 10,000 గది తీసుకున్నారు. కోత అద్దె వరకే పడుతుందనుకుంటారు. చాలా పాలసీల్లో ఆపరేషను చార్జీలు, డాక్టరు ఫీజులు కూడా సగమే ఇస్తారు. డిశ్చార్జి రోజు ఆ తేడా చెప్పాల్సింది కౌంటర్లో కూర్చున్న మేమే. ఒకావిడ మెడలోంచి పుస్తెలు తీసి బల్ల మీద పెట్టి, ఇవి తీసుకుని మా ఆయన్ని పంపించండి అంది. బంగారం తీసుకోమండీ, ఎదురుగా ఫైనాన్స్ కంపెనీ ఉంది అని చెప్పమన్నారు మా మేనేజరు. నేనే చెప్పాను. ఆ నెలలోనే మానేశాను.

ఒంగోలు_నర్సింగ్‌హోమ్:

అందరూ ఆస్పత్రుల్నే తిడుతున్నారు, నా గోడు కూడా వినండి. మేం ఇద్దరం భార్యాభర్తలం డాక్టర్లం. ముప్పై పడకల ఆస్పత్రి. ఆరోగ్యశ్రీ పేషెంట్లే ఎక్కువ. ప్రభుత్వం ఏదైనా బకాయిలు నెలల తరబడి రావు. నర్సుల జీతాలు, కరెంటు, ఆక్సిజన్, బయోమెడికల్ వ్యర్థాల చార్జీలు, ఫైర్ ఎన్‌ఓసీ, ఏదీ ఆగదు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామన్నాయంటే ఊరికే కాదు. మాలాంటి చిన్న ఆస్పత్రులు మూతపడితే పెద్ద గొలుసు ఆస్పత్రులే మిగులుతాయి. అప్పుడు బేరమాడటానికి కూడా ఎవరూ ఉండరు.

ఆ గొలుసుల వెనక ఎవరున్నారో చూడండి. సోమరాజు గారి వంటి హృద్రోగ నిపుణులు కలిసి 1997లో హైదరాబాద్‌లో కేర్ ఆస్పత్రి పెట్టారు. ఆయన అబ్దుల్ కలాం గారితో కలిసి తక్కువ ఖర్చు స్టెంటు తయారుచేసినవారు, దాన్ని కలాం-రాజు స్టెంట్ అనేవాళ్లం. ఆ కబురు విన్నప్పుడు మేం మెడికోలం, ఒళ్లు పులకరించింది. 2023లో ఆ సంస్థలో మెజారిటీ వాటా అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ చేతికి వెళ్లింది. ఫలానా తప్పు చేశారని నేననడం లేదు. పెట్టుబడి పెట్టినవాడు కొన్నేళ్లలో లాభంతో అమ్ముకుని వెళ్లాలి, అది వాళ్ల వ్యాపార ధర్మం. డాక్టర్లు పెట్టిన ఆస్పత్రికీ, ఫండ్ కొన్న ఆస్పత్రికీ తేడా అక్కడ మొదలవుతుంది.

పాలమూరు_బిడ్డ (నాగర్‌కర్నూల్):

సార్, బకాయిల సంగతి నిజమే, కాదనను. 2007ల ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్ల మాదొకటి. దానితోని గుండె ఆపరేషన్ అయి బతికిన పిల్లలను చూసిన. కానీ కార్డు మీద చేర్చుకొని, 'పరీక్షలకు వేరే, ఇంప్లాంటు మంచిది కావాలంటే వేరే' అని చేతిల పైసలు తీస్కునేటోళ్లు కూడ ఉన్నరు కద. సర్కారు ఇయ్యలేదని బీదోని జేబుల చెయ్యి పెట్టుడు ఏం న్యాయం?

ఒంగోలు_నర్సింగ్‌హోమ్:

న్యాయం కాదు. మేం తీసుకోం. తీసుకునేవాళ్లు ఉన్నారని నాకూ తెలుసు.

ఒక_తండ్రి (కరీంనగర్):

నాది ఇంజినీరింగ్ బాధ. మా అమ్మాయి బీటెక్ పాసై ఉద్యోగం తెచ్చుకుంది. చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. కాలేజీకి వెళ్తే ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఆ డబ్బు మీరు కట్టి తీసుకెళ్లండి, ప్రభుత్వం ఇచ్చాక వాపసు ఇస్తాం అన్నారు. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య లెక్కకు నా బిడ్డ కాగితాలు తాకట్టు. వడ్డీకి తెచ్చి కట్టాను. వాపసు ఇంకా రాలేదు.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినప్పుడు మా ఇంట్లో పండగే. మా తరంలో ఇంజినీరింగ్ అంటే పటేళ్ల పిల్లలకే. ఆ పథకం వల్లే మా బిడ్డ చదివింది, అది మర్చిపోతే పాపం. కానీ ఆ డబ్బు కోసమే ఉమ్మడి రాష్ట్రంలో ఏడు వందలకు పైగా ఇంజినీరింగ్ కాలేజీలు లేచాయి. తనిఖీ రోజున పక్క కాలేజీ నుంచి లెక్చరర్లను, కంప్యూటర్లను తెచ్చి కూర్చోబెట్టే కాలేజీల్లోనే మన పిల్లలు చదివారు. ఇప్పుడు పేరున్న కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ మేనేజ్‌మెంట్ సీటుకు లక్షల డొనేషన్, రసీదు లేకుండా. పేరులేని కాలేజీలు మూతపడ్డాయి, వాటిలో చదివినవాళ్ల డిగ్రీలకు విలువ లేదు.

లాయర్_గుంటూరు:

కరీంనగర్ అన్నగారూ, ఒరిజినల్స్ పట్టి ఉంచుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు. 2018లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. ముందు రాతపూర్వకంగా అడగండి, తర్వాత లీగల్ నోటీసు. చాలా కాలేజీలు నోటీసు అందగానే ఇచ్చేస్తాయి.

ఇక మేష్టారి ప్రశ్నకు. ఇది ఇవాళ్టి జబ్బు కాదు. క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం గుంజే డొనేషన్, నిషేధిస్తూ మన ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం చేశారు. 1992లో మోహినీ జైన్ కేసులో క్యాపిటేషన్ ఫీజు చెల్లదని సుప్రీంకోర్టు అంది. అదే ఏడాది ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు మూకుమ్మడిగా ఇచ్చిన అనుమతుల మీద హైకోర్టు అక్షింతలు వేస్తే, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవాల్సి వచ్చింది. మెడికల్ సీట్ల వ్యవహారంలో ఒక ముఖ్యమంత్రి దిగిపోయిన రాష్ట్రం మనది. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు.

1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసు. సగం సీట్లు తక్కువ ఫీజుకు, సగం పేమెంట్ సీట్లు అనే పద్ధతి అక్కడ మొదలైంది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జిల ధర్మాసనం ఆ పద్ధతి తీసేసి, ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ కాలేజీలకు ఇచ్చింది. అభివృద్ధి కోసం మిగులు ఉండొచ్చు, లాభాపేక్ష మాత్రం కూడదు అంది. మిగులుకూ లాభాపేక్షకూ మధ్య గీత ఎక్కడో తేల్చడానికి ఫీజుల కమిటీలు వచ్చాయి. ఆ కమిటీల ముందు కాలేజీల తరఫున పెద్ద పెద్ద ఆడిటర్లు కూర్చుంటారు. విద్యార్థి తరఫున కుర్చీ ఖాళీ.

అసలు మాట ఇప్పుడు చెప్తాను. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మెడికల్ కాలేజీల ఫీజును ఏడాదికి 24 లక్షలు చేశారు, అంతకుముందున్నదానికి ఏడు రెట్లు. చేసింది కాలేజీ కాదు, ప్రభుత్వ జీవో. హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించి, విద్య లాభాలార్జించే వ్యాపారం కాదని, ట్యూషన్ ఫీజు ఎప్పుడూ అందుబాటులో ఉండాలని అంది. ఈలోగా పిల్లలు కట్టిన డబ్బు సంగతి ఆలోచించండి. అందుకే నాకు కాలేజీల కన్నా ప్రభుత్వాల మీదే కోపం ఎక్కువ. కాపలా ఉండాల్సినవాళ్లే తాళం తీసి ఇచ్చారు.

డల్లాస్_శ్రీను:

ఎన్నారై కోటా గురించి చెప్పాలి. ప్రతి ఏడూ సీట్ల సీజన్‌లో, ఎప్పుడూ మాట్లాడని దూరపు చుట్టాల దగ్గర్నుంచి ఫోన్లు వస్తాయి. 'బాబూ, నీ పాస్‌పోర్టు కాపీ, స్పాన్సర్ లెటరు పంపించు చాలు, డబ్బులు మావే' అంటారు. పుస్తకంలో ఎన్నారై బిడ్డ, నిజానికి కోనసీమలో కొబ్బరితోట అమ్మిన రైతు బిడ్డ. పంజాబ్‌లో ఎన్నారై అర్థాన్ని మేనమామలు, బాబాయిల దాకా సాగదీస్తే 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇది మోసమే అని కొట్టిపారేసింది. నేను ఇవ్వనన్నందుకు మా పెద్దమ్మ వాళ్లు మాట్లాడటం మానేశారు. వాళ్ల తప్పని అనలేను, ఇంకో దారి కనపడక అడిగారు.

డా_మన్యం (పార్వతీపురం):

సీటు బ్లాకింగ్ గురించి కూడా జనానికి తెలియాలి. పీజీలో ఎలా జరుగుతుందంటే, బయటి రాష్ట్రాల నుంచి మంచి ర్యాంకున్నవాళ్లతో ఇక్కడి కాలేజీల్లో సీటు తీసుకునేలా దళారులు మాట్లాడుకుంటారు. వాళ్లకు చేరే ఉద్దేశమే ఉండదు. చివరి కౌన్సెలింగ్ అయ్యేదాకా సీటు పట్టుకుని ఉండి, ఆ తర్వాత పెనాల్టీ కట్టి వదిలేస్తారు. ఆ సీటు మేనేజ్‌మెంట్ చేతికి వెళ్తుంది, నోటికొచ్చిన ధర. 2022లో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ దీని మీద వరంగల్ పోలీసులకు ఫిర్యాదు చేసింది, మరుసటి ఏడు ఈడీ సోదాలు కూడా జరిగాయి. ఆ ఒక్క సీటు వెనక ర్యాంకు ఉండి కూడా సీటు దొరక్క మళ్లీ ఏడాది కూర్చున్న పిల్ల ఉంటుంది. అలాంటి పిల్లలు నాకు తెలుసు.

ఖమ్మం_హౌస్‌సర్జన్:

నేను ప్రైవేటు కాలేజీలో హౌస్‌సర్జన్‌ని, కన్వీనర్ సీటు. మాకు స్టైపెండ్ ఇస్తున్నట్టు లెక్క చూపిస్తారు. బ్యాంకు ఖాతాలు కాలేజీయే తెరిపించింది, ఏటీఎం కార్డులు, సంతకం పెట్టిన చెక్కులు ఆఫీసులో పెట్టుకున్నారు. డబ్బు ఖాతాలో పడుతుంది, వెనక్కి వెళ్తుంది. అడిగితే కంప్లీషన్ సర్టిఫికెట్ ఆగుతుంది. పేషెంట్లు లేని వార్డుల్లో తనిఖీ రోజున పక్క ఊళ్ల నుంచి బస్సుల్లో జనాన్ని తెచ్చి పడుకోబెట్టడం మా కళ్లతో చూశాం. మేం కుట్లు వేయడం నేర్చుకున్నది సెలవుల్లో జిల్లా ఆస్పత్రికి వెళ్లి, అక్కడి సార్లను బతిమాలుకుని. 2025లో తనిఖీల లంచాల మీద సీబీఐ 34 మంది మీద కేసు పెట్టినప్పుడు మా హాస్టల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాకు సిగ్గుగా ఉంది, భయంగా కూడా ఉంది. రేపు నా చేతికి ప్రాణం అప్పగిస్తారు కదా.

బందరు_మేష్టారు (మచిలీపట్నం):

నాయనా, భయపడుతున్నావంటే నీలో డాక్టరు బతికే ఉన్నాడు. సెలవుల్లో వెళ్లి నేర్చుకోవడం మానకు. స్టైపెండు సంగతి నీ ఒక్కడివే రాయొద్దు, బ్యాచ్ అంతా కలిసి సంతకాలు పెట్టండి.

గోదారి_గట్టు (రాజమండ్రి):

ఏ పార్టీ వచ్చినా ఇంతే. 2023లో మన ఆంధ్రాలో కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లోనే సీట్లు అమ్మకానికి పెట్టారు, బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా లాంటిది) ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై 20 లక్షలు అని జీవో. వాళ్లు దిగి వీళ్లొచ్చి 2025లో పది కాలేజీలు పీపీపీలో, అంటే ప్రైవేటు భాగస్వామ్యంలో, ఇస్తామన్నారు. కాలేజీ గోడ మీద ప్రభుత్వ బోర్డు ఉంటే చాలా? లోపల సీటు ఎవరిదో చూడాలి.

నిర్వాహకులు:

పార్టీల వాదనకు వేరే విభాగం ఉంది. ఆస్పత్రుల, కాలేజీల పేర్లతో సొంత ఫిర్యాదులు ఇక్కడ రాయవద్దని మనవి.

తెనాలి_అక్క:

ఇంత చీకటి చదివాక ఒక్కటి చెప్పాలనిపించింది. మా నాన్నకు కంటి ఆపరేషన్ హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్‌లో జరిగింది. పక్క మంచం ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదు, మా దగ్గర తీసుకున్నారు. చేసిన డాక్టరు ఒకరే, చూసిన తీరూ ఒకటే. 1980ల చివర్లో మొదలైన సంస్థ, దాదాపు సగం మందికి ఉచితం, ఇన్నేళ్లుగా నడుస్తోంది. పుట్టపర్తిలో 1991 నుంచి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది, బిల్లింగ్ కౌంటరే లేదు. కాబట్టి కుదరదు అని నాకెవరూ చెప్పొద్దు.

ఒంగోలు_నర్సింగ్‌హోమ్:

అక్కా, విరాళాలతో, ట్రస్టుతో నడిచేవి వేరు. ప్రతి ఊళ్లో అలా పెట్టలేం.

తెనాలి_అక్క:

ఊరూరా అవి ఉండవు, ఒప్పుకుంటాను. ఊరూరా ఉండాల్సింది ప్రభుత్వాస్పత్రి. దానికి డాక్టర్ని, మందుల్ని ఇస్తే ప్రైవేటువాళ్లు వాళ్లంతట వాళ్లే రేట్లు తగ్గిస్తారు. కరోనాలో తెలంగాణ ప్రభుత్వం ఐసొలేషన్‌కు రోజుకు 4,000, వెంటిలేటరుతో ఐసీయూకు 9,000 అని రేట్లు కట్టింది. ఖరీదైన మందులు, పీపీఈ కిట్లు అందులో కలపలేదు. బిల్లు ఆ సందులోంచే లక్షలకు పెరిగింది. మా చిన్నాన్న బిల్లు చూసినదాన్ని. గాంధీ ఆస్పత్రిలో పడక దొరికిన మా పక్కింటాయన పైసా ఖర్చు లేకుండా ఇంటికొచ్చాడు.

బందరు_మేష్టారు (మచిలీపట్నం):

లాయరు గారూ, మా బావమరిది బిల్లు మీద అడగదలిస్తే ఏం చెయ్యాలి? గొడవ పెట్టుకోవాలని కాదు, లెక్క తెలియాలి. మా మేనకోడలికి మాత్రం ఒక మాట చెప్పేశాను, పొలం అమ్మి సీటు కొనొద్దని. కుర్రాడు మొహం వేలాడేశాడు. ఇంకో ఏడాది చదివి నీట్ రాస్తానంటున్నాడు, రాయనీ.

లాయర్_గుంటూరు:

రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. ముందు ఆ కాగితాలు తెచ్చుకోండి. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది కాబట్టి జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

బిల్లింగ్_కౌంటర్:

మేష్టారు గారూ, ఉత్తరంలో మెడికల్ రికార్డ్స్ అని ఒక్క ముక్క రాస్తే డిశ్చార్జి సమ్మరీ ఇచ్చి పంపేస్తారు. ఐటమ్ వారీ బిల్లు, కేస్ షీటు, క్యాథ్‌ల్యాబ్ (స్టెంటు వేసే గది) నోట్సు, ఇంప్లాంట్ స్టిక్కర్ల కాపీ అని విడివిడిగా రాయండి. ప్రతి స్టెంటు పెట్టె మీదా బ్యాచ్ నంబరుతో స్టిక్కరు ఉంటుంది, అది కేస్ షీటులో అంటించాలి. బిల్లులో ఎన్ని స్టెంట్లు వేశారో అన్ని స్టిక్కర్లు ఉండాలి. ఉత్తరం కౌంటర్లో ఇవ్వకండి, మెడికల్ సూపరింటెండెంట్ ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. కాగితాలొచ్చాక ఇక్కడ పెట్టండి, పేషెంటు పేరు చెరిపేసి. ఏ వస్తువు ఏమిటో, ఎన్ని వాడినట్టు వేశారో లైను లైనుగా నేను చెప్తాను.